గిటారు ఆంప్లిఫయరులో బాసు వాద్యము

ఉగాది సన్నాహములకై కూడిన సంఘ సమావేశములో చేసిన ప్రసంగము



కార్యవర్గమువారు మమ్ములను ఒక ప్రశ్నకు సమాధానము చెప్పుమన్నారు. ప్రశ్న చిన్నది. మన వాద్యబృందమునకు ఉన్నది ఒకే ఒక ఆంప్లిఫయరు. అది గిటారు కొరకు చేసినది. దానిలో బాసు గిటారు తగిలించి వాయించవచ్చునా, వాయిస్తే అది పాడవుతుందా? ఇంతే ప్రశ్న. కాని దీని చుట్టూ గత రెండు సమావేశములలో జరిగిన చర్చ మీరందరూ ఎరిగినదే. బాసు మానివేస్తే సరిపోతుందని కొందరన్నారు. అసలు పిల్లల బృందమే వద్దు, బయట నుండి ఒక పార్టీని పిలిపిద్దామని మరికొందరన్నారు. కావున ఈ చిన్న ప్రశ్నకు కొంచెము పెద్ద సమాధానమే చెప్పవలసి వచ్చినది.

మేము సంగీత విద్వాంసులము కాము, ఇంజనీర్లమూ కాము. పగలు రైల్వే కార్యాలయములో కాగితములు చూచుకొని, సాయంత్రము మన బృందమునకు తీగలు పరచి, ప్లగ్గులు పెట్టి, కార్యక్రమము అయిన పిదప వాటిని చుట్టి సంచిలో పెట్టే వారము. ఆ పనిలో ఉండి తెలిసికొన్నదే మనవి చేస్తాము.

ముందుగా ఆ ఆంప్లిఫయరు ఎవరిదో చెప్పాలి. అది సంఘపు ఆస్తి కాదు. మన సభ్యులలో ఒకరి అమ్మాయి, కాలేజీలో చదువుకొంటూ, చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో కొనుక్కొన్నది. ఇరవై వాట్లది. ఎనిమిది అంగుళముల స్పీకరు. వెనుక భాగము తెరచి ఉంటుంది. ఆ అమ్మాయి దానిలో గిటారు వాయిస్తుంది. బాసు వాయించే బాలునికి పదహారేండ్లు. వాద్యము సెకండు హాండుది. ఆంప్లిఫయరు కొనే స్తోమతు ఆ ఇంట్లో లేదు. “నాది ఇస్తాను బాబాయిగారూ, కాని పాడైతే నాన్నగారు మళ్ళీ కొనిపెట్టరు” అని ఆ అమ్మాయి మాతో అన్నది. “అక్క పెట్టె పగిలితే నేనేమి ఇచ్చుకోగలను, నేను వాయించను లెండి” అని ఆ బాలుడన్నాడు. ఇద్దరి మాటా న్యాయమే. అందుకే దీనిని ఊహతో కాక, కారణము తెలిసికొని తేల్చుకోవాలి.

బాసు అంటే ఏమో పెద్దలకు కొత్తగా చెప్పనక్కరలేదు. మన సంగీతములో మంద్రము, మధ్యము, తారము అని మూడు స్థాయిలు. తంబురాలో నాలుగవ తీగ మంద్ర షడ్జము. అది మ్రోగుతున్నంతసేపు ఎవరూ దానిని ప్రత్యేకించి వినరు. ఆగిపోతే మాత్రము పాడేవానికి కాళ్ళ క్రింద నేల పోయినట్లుంటుంది. మృదంగము వాయించేవారు ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. ఎందుకు? ఆ బరువు వలన చర్మము మెల్లగా ఊగి గంభీరమైన నాదము వస్తుంది. మంద్రము కావాలంటే బరువు కావాలి, మెల్లని ఊపు కావాలి. ఈ రవ్వ ముద్దను జ్ఞాపకముంచుకొంటే మేము చెప్పబోయే శాస్త్రమంతా సులభము.

బాసు గిటారుకు సాధారణంగా నాలుగు తీగలు. గిటారు తీగలలో లావైన నాలుగింటికి సరిగ్గా ఒక స్థాయి క్రిందుగా వాటిని శ్రుతి చేస్తారు. గిటారు లావు తీగ సెకనుకు సుమారు 82 సారులు కంపిస్తే, బాసు లావు తీగ సుమారు 41 సారులు కంపిస్తుంది. స్థాయి ఒకటి దిగినది, కంపనములు సగమైనవి.

“ఈ విదేశీ వాద్యము మన ఉగాదికి ఎందుకయ్యా?” అని ఒక పెద్దలు అడిగారు. వారికి వినయముగా మనవి. మనము ఉంటున్న ఈ ఊరిలోనే ఎన్నో దశాబ్దముల పాటు తెలుగు పాటలు తయారైనవి. పాత చిత్రముల వాద్యబృందములలో వయొలిన్ల వెనుక నిలువెత్తు డబుల్ బేసు ఉండేది. ఆ పని తరువాత బాసు గిటారుకు వచ్చినది. 1976లో ‘అన్నక్కిళి’ అనే తమిళ చిత్రముతో సంగీత దర్శకులైన ఇళయరాజాగారు బాసును వెనుక నిలబెట్టక, పాట ప్రక్కన నడిచే రెండవ పాటగా చేశారు. 1983 నాటి ‘సాగర సంగమం’, 1989 నాటి ‘గీతాంజలి’ వారి సంగీతమే. 1992లో ‘రోజా’తో వచ్చిన రెహమాన్ గారి పాటలకు మన చెన్నైవారే అయిన కీత్ పీటర్స్ గారు బాసు వాయించారు. మన పిల్లలు నేర్చుకొంటున్నవి ఈ పాటలే. వాటిలో నుండి బాసు తీసివేస్తే పాట పోదు గాని, కుంటుతుంది.

ఇక అసలు విషయము. విద్యుత్ బాసు గిటారును అమెరికాలో లియో ఫెండర్ అనువారు 1951లో బజారులోనికి తెచ్చారు. మరుసటి సంవత్సరమే, 1952లో, దాని కొరకు ప్రత్యేకముగా బాస్‌మన్ అనే ఆంప్లిఫయరును తెచ్చారు. వాద్యము చేసినవారే దానికి వేరొక పెట్టె కావాలని గ్రహించారన్నమాట. ఇందులో ఒక చిత్రమున్నది. ఆ బాసు పెట్టెను గిటారువారు ఎంతో ఇష్టపడి తమది చేసుకొన్నారు. లండనులో జిమ్ మార్షల్ గారి అంగడిలో 1960ల తొలి సంవత్సరములలో తయారైన మొదటి మార్షల్ ఆంప్లిఫయరుకు నమూనా ఈ బాస్‌మన్నే. అనగా బాసు పెట్టెలో గిటారు వాయిస్తే బెంగ లేదు. పెద్ద గిన్నెలో చిన్న వంట చేసుకోవచ్చును. చిన్న గిన్నెలో పెద్ద వంటకు దిగినప్పుడే జాగ్రత్త కావాలి.

ఎందుకో చూద్దాము. స్పీకరులో కాగితపు గరాటు వంటి కోను ఉంటుంది. దాని మొదట్లో సన్నని తీగచుట్ట, చుట్ట చుట్టూ అయస్కాంతము. విద్యుత్తు వచ్చినకొలది చుట్ట ముందుకు వెనుకకు కదులుతుంది, కోను గాలిని నెడుతుంది. గాలి కదిలినదే మన చెవికి ధ్వని. ఇప్పుడొక లెక్క. ఒకే బిగ్గరతనముతో స్వరమును ఒక స్థాయి క్రిందికి దింపితే కోను రెండింతలు కాదు, నాలుగింతల దూరము కదలాలి. గిటారు లావు తీగకు ఒక వెంట్రుకవాసి కదిలిన కోను, బాసు లావు తీగకు నాలుగు వెంట్రుకవాసులు కదలాలి. గిటారు స్పీకరును అంత దూరము కదలడానికి చేయలేదు. దాని కోను తేలికైనది, అంచు బిర్రుగా ఉంటుంది. పెద్ద గిటారు స్పీకర్లు కూడ సామాన్యముగా సెకనుకు 75, 80 కంపనముల నుండి 5,000 వరకే బాగా పలుకుతాయి. రైలు పెట్టె క్రింద స్ప్రింగులు ఊగవలసినంత మేరనే ఊగాలి. మోతాదు మించి బరువు వేస్తే స్ప్రింగు అడుగంటి ఇనుమును ఇనుము కొడుతుంది. స్పీకరు సంగతీ అంతే. చుట్ట తన దారి దాటి పోతుంది, అంచు చిరుగుతుంది, లేదా చుట్ట వేడెక్కి కాలుతుంది.

కావున ప్రమాదము స్పీకరుకే గాని, లోపలి ఆంప్లిఫయరుకు కాదు. దానికి వచ్చే సంకేతము గిటారుదైనా బాసుదైనా ఒకటే. ఇది ముఖ్యము. స్పీకరును కాపాడుకొంటే అంతా కాపాడుకొన్నట్లే.

రెండవ చిక్కు, ఆ పెట్టె వెనుక తెరచి ఉండుట. కోను ముందుకు నెట్టిన గాలికి, వెనుక ఏర్పడిన ఖాళీకి ఒకదానితో ఒకటి పొసగదు. రెండు తరంగములు కలిస్తే ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. తార స్వరములకు తరంగము చిన్నది కనుక ఆ ఇబ్బంది తక్కువ. 41 కంపనముల స్వరమునకు గాలిలో తరంగము పొడవు సుమారు 27 అడుగులు! రెండడుగుల పెట్టె దానికి ఏమి అడ్డము? వెనుక గాలి చుట్టి వచ్చి ముందు గాలిని మ్రింగివేస్తుంది. దీనికి తోడు మన చెవి మంద్రమునకు మందము. ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లోనే దీనిని కొలిచి ప్రకటించారు. ఇన్ని కారణముల వలన బాసు వినబడదు. వినబడలేదని బాలుడు నాబు పెంచుతాడు. పెంచినకొలది కోను ఎక్కువ ఊగుతుందే గాని మంద్రము పెరగదు. స్పీకర్లు చిరిగేది ఈ దారిలోనే.

అయితే అసలే వినబడదా అంటే, వినబడుతుంది. ఏ తీగ మ్రోగినా మూల స్వరముతో పాటు దానికి రెండింతలు, మూడింతలు కంపనములు గల ఉపస్వరములు పుడతాయి. 41తో పాటు 82, 123 కూడ ఉంటాయి. చిన్న స్పీకరు 41ని పలుకలేకపోయినా 82ను, 123ను కొంతలో కొంత పలుకుతుంది. మన మెదడు వాటిని పట్టుకొని, లేని మూల స్వరమును తానే పూరించుకొంటుంది. అరచేతిలో పట్టే ట్రాన్సిస్టరులో ఘంటసాలవారి పాట వింటూ డగ్గా దెబ్బకు తల ఊపలేదా మనము? ఆ బుల్లి స్పీకరులో ఆ గంభీరము పలికే శక్తి ఎక్కడిది? సగము యంత్రము పలికినది, సగము మనము కల్పించుకొన్నాము.

కాబట్టి మా సమాధానము ఇది. గిటారు ఆంప్లిఫయరులో బాసు వాయించవచ్చును. బిగ్గరగా వాయించరాదు. చాప ఉన్నంత వరకే కాళ్ళు చాపుకోవాలన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పిల్లలు వ్రాసుకోవలసిన జాగ్రత్తలు కొన్ని చెబుతాము.

మొదటిది, ప్లగ్గు పెట్టేటప్పుడు శబ్దపు నాబు సున్నా మీద ఉండాలి. పిదప కొంచెము కొంచెముగా పెంచాలి. రెండవది, ‘బాస్’ అని వ్రాసి ఉన్న నాబును తగ్గించి, ‘మిడిల్’ అన్న దానిని పెంచాలి. వినడానికి విడ్డూరముగా ఉన్నా, ఉపస్వరములు ఉండేది ఆ మధ్య భాగములోనే. స్పీకరుకు బరువు తగ్గి, చెవికి స్పష్టత పెరుగుతుంది. మూడవది, గిటారు గరగరలాడించే డిస్టార్షను, బూస్టు వంటివి బాసుకు తగిలించరాదు. నాలుగవది, పెట్టెను గది మూలలో, నేల మీద ఉంచాలి. గోడలు, నేల మంద్రమును తిరిగి మనకే అందిస్తాయి. ఇది పైసా ఖర్చు లేని సహాయము. అయిదవది, తీగలను వ్రేళ్ళతో మృదువుగా మీటాలి, బొటనవ్రేలితో కొట్టే వరుసలు ఈ పెట్టెలో వద్దు. ఆరవది, అన్నిటికంటె ముఖ్యము. పటపటమని కాగితము కొట్టుకొన్న చప్పుడు గాని, కాలిన లక్క వాసన గాని వస్తే ఆ క్షణమే ఆపాలి. చరణము పూర్తి చేద్దామని ఆగరాదు.

ఇవి సాధనకు సంబంధించినవి. ఉగాదినాడు హాలులో నాలుగు వందలమంది కూర్చున్నప్పుడు ఏమి చేయాలి? డ్రమ్సు ప్రక్కన బాసు సమానముగా వినబడాలంటే నూరు వాట్లకు పైబడిన బాసు ఆంప్లిఫయరు ఉండాలని వాద్యకారులు చెబుతారు. అది మనకు లేదు. కాని ఆనాడు హాలులో సౌండు సర్వీసువారి పెద్ద స్పీకర్లు ఎలాగూ ఉంటాయి. బాసును నేరుగా వారి మిక్సరుకు పంపితే చాలును. మధ్యలో డి.ఐ. పెట్టె అనే చిన్న ఇనుప డబ్బా కావాలి. గిటారు తీగ బలహీనమైన సంకేతమును ఎక్కువ దూరము మోయలేదు, దారిలో గుయ్ మనే రొద చేరుతుంది. ఈ డబ్బా ఆ సంకేతమును మైకు తీగలో పోవడానికి వీలుగా మార్చి ఇస్తుంది. అరచేతిలో పట్టే వస్తువు. అణ్ణా సాలైలో ఉన్న, 1842లో మొదలైన మ్యూసీ మ్యూజికల్ వంటి వాద్యముల దుకాణములలో అడిగితే చూపిస్తారు. కొత్త బాసు ఆంప్లిఫయరు వెలలో దీని వెల చాలా కొద్ది భాగము.

ఇట్లు చేస్తే అమ్మాయి పెట్టె అమ్మాయికే ఉంటుంది. వేదిక మీద ఆమె గిటారు దానిలో మ్రోగుతుంది. బాసు పెద్ద స్పీకర్ల నుండి వస్తుంది. సాధన రోజులలో మాత్రము ఆమె ఉత్త చెక్క గిటారు వాయించి, తన పెట్టెను తమ్మునికి ఇస్తుంది. ఈ ఏర్పాటుకు ఇద్దరూ ఒప్పుకొన్నారు.

ఒక హెచ్చరిక పెద్దలకు కూడ. ఆంప్లిఫయరు స్పీకరుకు పోయే తీగను ఊడదీసి మిక్సరుకు ఎవరూ తగిలించరాదు, మిక్సరు చెడుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసివేసి పెట్టడము మన పందిళ్ళలో అలవాటు. రొద తగ్గుతుందని అలా చేస్తారు. తీగల మీద చేయి, మైకు మీద పెదవి ఉన్న పిల్లలకు అది ప్రాణాపాయము. రొద వస్తే డి.ఐ. పెట్టె మీద దానికై వేరే మీట ఉంటుంది. ఎర్తు మాత్రము కదిలించవద్దు.

ఇక చివరి మాట, మా దృష్టిలో మొదటి మాట. గత నెల సాధనలో బాసు వినబడటము లేదని అందరూ అన్నారు. ఆ బాలుడు నాబు మీద చేయి వేయబోతే మేము వద్దన్నాము. డ్రమ్సు వాయించే అబ్బాయిని కర్రలు ప్రక్కన పెట్టి కుంచెలతో వాయించుమన్నాము. కీబోర్డు వాయించే చెల్లెమ్మ ఎడమ చేయి, బాసు ఉండే చోటనే అవే స్వరములు మోపుతున్నది. ఆ చేతిని ఒక స్థాయి పైకి జరుపుమన్నాము. గిటారు అమ్మాయి మీటు తగ్గించినది. అంతే. బాసు నాబు ఉన్నచోటనే ఉన్నది, కాని బాసు వినబడినది. గది నిండా, మెత్తగా, క్రింద నుండి పట్టుకొన్నట్లుగా వినబడినది. క్రింది గొంతు వినబడాలంటే దానిని అరవమనడము కాదు, పై గొంతులు కొంచెము తగ్గాలి. ఆంప్లిఫయరుల గూర్చి మాకు తెలిసినదంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

ఆ బాలుడు తెలుగు మాట్లాడుతాడు, చదువలేడు. బడిలో వాడు చదివేది తమిళము, ఇంగ్లీషు. పాట మాటలను తమిళ లిపిలో వ్రాసుకొని వస్తాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగాలో తెలియాలంటే మాటకు అర్థము తెలియాలని, వాళ్ళ అమ్మమ్మ దగ్గర కూర్చుని ఒక్కొక్క పదమునకు అర్థము అడిగి తెలిసికొంటున్నాడట. మన సంఘము నడిపిన ఆదివారపు తెలుగు తరగతికి వాడు రెండు వారములే వచ్చాడు. సాధనకు మాత్రము ఒక్క సాయంత్రము మానలేదు. వానిని ఈ ఉగాదికి కూర్చోబెడితే మరొక బృందములో చేరతాడు, అక్కడ బాగానే వాయిస్తాడు. మనకు పోయేది ఒక వాద్యము కాదు.

బయటి పార్టీ వస్తే పాటలు ఇంతకంటె బాగుంటాయి, సందేహము లేదు. వారు మూడు గంటలు వాయించి, పెట్టెలు సర్దుకొని వెళ్ళిపోతారు. మరునాడు మన పిల్లల చేతులలో ఏమి మిగులుతుంది?

కావున కార్యవర్గమువారికి రెండు మనవులు. ఒకటి, బయటి పార్టీకి అనుకొన్న సొమ్ములో కొద్ది భాగముతో ఒక డి.ఐ. పెట్టె, ఒక మంచి తీగ సంఘము పేర కొనాలి. రెండు, సాధనలలో ఆ అమ్మాయి ఆంప్లిఫయరుకు ఏమి జరిగినా బాగుచేయించే ఖర్చు సంఘము భరిస్తుందని ఈనాడే పుస్తకములో వ్రాయాలి. స్పీకరు చిరిగితే కొత్త కోను వేయించవచ్చును, లేదా స్పీకరు మార్పించవచ్చును. అది మనందరికీ కలిసి పెద్ద భారము కాదు. ఒక్క ఇంటికైతే భారమే. ఇచ్చినవారికి భయము, పుచ్చుకొన్నవారికి బెరుకు లేకుండ చేయుటకే గదా సంఘము ఉన్నది.

బాసు ఆంప్లిఫయరు గూర్చి తొందర లేదు. పిల్లలు నిలబడితే అది వచ్చే ఉగాదికో, ఆపై ఉగాదికో తానే వస్తుంది.

ఈ కొత్త సంవత్సరము మన ఇండ్లలో తారము, మధ్యము, మంద్రము మూడూ చక్కగా మ్రోగాలని కోరుకొంటున్నాము.